‘రా’ అంటే వచ్చేలా

కుక్కకు ముందుగా నేర్పే మాటలు కూర్చో, ఆగు, రా. మూడూ అవసరమే కానీ, దాని ప్రాణం ఆధారపడేది మూడో మాట మీదే. గేటు తెరిచి ఉన్నప్పుడు, గొలుసు చేయి జారినప్పుడు, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు అక్కరకొచ్చేది అదే. చాలా ఇళ్లలో అన్నిటికంటే ముందు చెడిపోయేదీ ఆ మాటే. ‘మా కుక్కకు పొగరు, పిలిస్తే రాదు’ అని యజమానులు వాపోతుంటారు. దాన్ని పొగరనడం అన్యాయం. పిలిచినప్పుడల్లా ఏం జరిగిందో ఆ కుక్కకు బాగా గుర్తుంది. ఆట మంచి ఊపులో ఉండగా పిలిచి గొలుసు వేశారు. పిలిచి స్నానం చేయించారు. గంట క్రితం చెప్పు కొరికిందని ఇప్పుడు పిలిచి కొట్టారు. అది కొరికినందుకు పడిన దెబ్బ అని మనకు తెలుసు. కుక్క లెక్కలో అది దగ్గరికి వచ్చినందుకు పడిన దెబ్బ.

ఈ లెక్కను శాస్త్రం ఏనాడో పట్టుకుంది. 1898లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలిగా ఉన్న పిల్లులను చెక్క పెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచాడు. అవి గీరి, కరిచి, పెనుగులాడి చివరికి ఎలాగో తలుపు తెరుచుకునేవి. మళ్లీ మళ్లీ పెట్టిన కొద్దీ బయటపడే సమయం తగ్గుతూ వచ్చింది. మంచి ఫలితం ఇచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందన్న సూత్రం అక్కడ పుట్టింది. ఇందులో మనుషులు తప్పు చేసేది సమయం దగ్గరే. ‘కూర్చో’ అన్నాక కుక్క కూర్చుంటే, మనం జేబులో బిస్కెట్ వెతికేలోగా అది లేచి నిలబడుతుంది. అప్పుడిచ్చిన బిస్కెట్ నిలబడినందుకే చెల్లుతుంది. దీనికి తోడు నాన్న ‘సిట్’ అని, అమ్మ ‘కూర్చో’ అని, పిల్లలు ‘కూచోవే’ అని అంటే ఆ జీవి ఏ మాట పట్టుకోవాలి? ఇంటిల్లిపాదీ ఒకే మాట అనుకోవాలి. అది తెలుగు మాటే అయినా నిక్షేపంగా పనిచేస్తుంది.

భయం లేకపోతే మాట వినదు, తోడేళ్ల గుంపులో నాయకుడు అణచి ఉంచినట్టు మనమూ ఉంచాలి అనేవారున్నారు. ఆ ఊహకు ఊతమిచ్చినవాటిలో ముఖ్యమైనది 1947లో రుడాల్ఫ్ షెంకెల్ ప్రచురించిన అధ్యయనం. ఆయన చూసినవి జూలో ఒకచోట బంధించిన తోడేళ్లు. అడవిలో గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో రాశాడు. 1970లో తాను రాసిన పుస్తకంలోని ‘ఆల్ఫా’ (గుంపు నాయకుడు) అన్న మాటను తానే తప్పుపట్టాడు. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షలతో నేర్పే బడుల్లోని కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. అయితే భయం పనిచేయదని నేను అనను. కర్ర అందేంత దూరం వరకు అది పనిచేస్తుంది. ‘రా’ అవసరమయ్యేదేమో కుక్క ఆ దూరం దాటిపోయాకే. అక్కడ భయం దాన్ని మరింత దూరం తరుముతుంది.

తిండి పెట్టి నేర్పడం లంచం కాదా అన్నది ఇంకో ప్రశ్న. ముక్క ముందే చూపించి బతిమాలితే లంచమే. పని చేశాక ఇస్తే కూలి. మాట కుదిరాక ఆ కూలి ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు, ఎప్పుడో ఒకసారి దొరుకుతుందన్న ఆశే అలవాటును నిలబెడుతుంది. పైగా కుక్కకు కావలసింది తిండి ఒక్కటే కాదు. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన సంస్థ పరిశోధకులు వీధి కుక్కలతో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, కొత్త మనిషి మీద నమ్మకం కుదర్చడంలో తిండి కంటే నిమరడమే మేలని తేలింది. నాటు కుక్కలకు ఏం నేర్పగలం అనేవారికి కూడా అక్కడే జవాబు ఉంది. వాళ్లే 2020లో ప్రచురించిన మరో ప్రయోగంలో, ఏ శిక్షణా ఎరుగని వీధి కుక్కలను పరీక్షిస్తే, ముందుకొచ్చిన వాటిలో దాదాపు 80 శాతం మనిషి వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. మనిషి సైగను అంతగా గమనించే జీవికి ఒక్క మాట నేర్పలేకపోతే లోపం నేర్పేవాళ్లదే.

ముందు గదిలో, ఆ తర్వాత పొడవాటి తాడు కట్టి పెరట్లో మొదలుపెట్టండి. రోజుకు పదిసార్లు పిలవండి. రాగానే నిమిరి, చిన్న ముక్క పెట్టి, తొమ్మిదిసార్లు మళ్లీ ఆటకే వదిలేయండి. స్నానం చేయించాలనుకుంటే మాత్రం పిలవకండి. మీరే లేచి దాని దగ్గరికి వెళ్లండి.