నున్నటి గీత

గర్భంలోని బిడ్డ క్షేమాన్ని కాన్పుకు ముందే అంచనా వేయడానికి ప్రసూతి వైద్యులు చేయించే ఎన్‌ఎస్‌టీ, అంటే నాన్ స్ట్రెస్ టెస్ట్, తల్లి పొట్టకు రెండు బెల్టులు కట్టి, ఒకదానితో బిడ్డ గుండె వేగాన్నీ రెండోదానితో గర్భాశయం బిగుసుకోవడాన్నీ ఒకే కాగితం మీద గీతలుగా నమోదు చేసే పరీక్ష. ఆ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవడం సహజమని చాలామంది గర్భిణులకు కూడా తెలుసు గానీ, గ్రాఫు చదివే విద్యలో ఆ అంకె ఓనమాలు మాత్రమే.

గీత నున్నగా సాగితే అంతా సవ్యంగా ఉన్నట్టు కొత్త కంటికి తోస్తుంది; నిజానికి భయపడవలసింది ఆ నునుపుకే. గుండెను తొందరపెట్టే నాడులూ నిదానింపజేసే నాడులూ ఎడతెగక చెరోవైపు లాగుతుండడం వల్ల, మెదడుకు ప్రాణవాయువు చక్కగా అందుతున్న బిడ్డ గీత నిమిషానికి 5 నుంచి 25 స్పందనల మేర పైకీ కిందికీ ఊగుతూ రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఈ ఊగిసలాటనే వేరియబిలిటీ అంటారు. దానికి తోడు, 32 వారాలు దాటిన బిడ్డ గుండె వేగం 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 స్పందనలు పెరిగి, ఆ పెరుగుదల 15 సెకన్లయినా సాగితే గ్రాఫును రియాక్టివ్ అంటారు.

చిక్కంతా రియాక్టివ్ కాని గ్రాఫుతోనే, ఎందుకంటే మాయ నుంచి ప్రాణవాయువు చాలక నీరసించిన బిడ్డ గీతా, హాయిగా నిద్రపోతున్న బిడ్డ గీతా కాసేపు ఒకేలా ఉంటాయి. కడుపులోని బిడ్డ ఒక్కోసారి 40 నిమిషాల దాకా కదలకుండా నిద్రపోతుంది కనుక, తల్లిని ఎడమ పక్కకు తిప్పి పరీక్షను మరికొంతసేపు సాగించడం, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారేమో, నిద్రమందు వాడారేమో ఆరా తీయడం, అప్పటికీ గీత మారకపోతే స్కానింగులో కదలికలనూ ఉమ్మనీటినీ చూడడం ఈ పనిలోని అసలు నేర్పు. గీత నున్నబడడమే కాక, గర్భాశయం బిగుసుకున్న ప్రతిసారీ గుండె వేగం ఆలస్యంగా పడిపోయి ఆలస్యంగానే కోలుకుంటుంటే మాత్రం వేచి ఉండే వ్యవధి లేదు.

1985లో వెలువడిన డబ్లిన్ అధ్యయనం నొప్పుల సమయానికి సంబంధించినదే అయినా ఇక్కడా ఆలోచింపజేస్తుంది: దాదాపు 13,000 మంది తల్లులను పరిశీలించినప్పుడు, ఎడతెగని యంత్ర పర్యవేక్షణ వల్ల నవజాత శిశువుల్లో మూర్ఛలు తగ్గాయి గానీ మరణాలు తగ్గలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకు కారణాలు అనేకమైనా, నిద్రపోతున్న బిడ్డ గీతను ఆపదగా చదవడం వాటికి తోడు కాకూడదు. కదలిక తెలిసినప్పుడల్లా తల్లి నొక్కే మీట గ్రాఫు మీద వేసే చిన్న గుర్తులనూ, బిడ్డ ఎంతసేపటి నుంచి నెమ్మదించిందో ఆమె చెప్పే మాటనూ పక్కన పెట్టుకోకుండా ఆ కాగితానికి అర్థం చెప్పడం తగదు.