పూత పుట్టే చోటు: పారిజాతం, దేవగన్నేరు

తెలుగు నేలమీద ఇంటి ముంగిట్లోనూ గుడి ఆవరణలోనూ తరచుగా కనిపించే చిన్న పూలచెట్లలో పారిజాతం, దేవగన్నేరు ముఖ్యమైనవి. పెరట్లో పెంచినప్పుడు రెండూ సాధారణంగా పదిహేను, ఇరవై అడుగులకు మించవు, రెండింటి వేళ్లూ గోడల పునాదులను కదిలించేంత బలమైనవి కావు, రెండింటి పూలూ పరిమళం గలవి, దేవతార్చనకు చెల్లేవి. ఇన్ని పోలికలు ఉండటం వల్లనే కాబోలు, చాలా ఇళ్లలో ఈ రెంటికీ ఒకే రోజున నీళ్లు పోసి, ఒకే ఎరువు వేసి, ఒకే తీరున కొమ్మలు కత్తిరిస్తారు. ఆ తరువాత వీటిలో ఒకటి పూయకపోతే నేల మంచిది కాదనో, నర్సరీవారు ఇచ్చిన మొక్క మంచిది కాదనో అనుకుంటారు. ఈ రెండు చెట్లు పూత పట్టే పద్ధతే వేరు. కొమ్మలో పూత ఎక్కడ పుడుతుందో గమనించిన తోటమాలికి కత్తి ఎప్పుడు పట్టాలో, నీరు ఎప్పుడు ఆపాలో వేరొకరు చెప్పనక్కరలేదు.

పారిజాతం మల్లె కుటుంబానికి చెందినది. హిమాలయ పాదసీమల నుంచి దక్షిణంగా గోదావరి ప్రాంతం దాకా రాతి వాలుల మీద, ఆకురాల్చు అడవుల్లో అది సహజంగా పెరుగుతుంది. 1753లో లిన్నేయస్ దానికి పెట్టిన శాస్త్రీయ నామం నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్. లేత కొమ్మలు గుండ్రంగా కాక నలుపలకలుగా ఉంటాయి, ఆకులు ఎంత గరుకంటే పూర్వం వాటితో కొయ్యను, దంతాన్ని నునుపు చేసేవారు. పువ్వును అరచేతిలో పెట్టుకొని చూస్తే దాని నిర్మాణం స్పష్టమవుతుంది: ఐదు నుంచి ఎనిమిది దాకా తెల్లని రేకలు కొద్దిగా మెలితిరిగి పరుచుకొని ఉంటాయి, అవన్నీ కలిసిపోయే కాడ, అంటే పూగొట్టం, పగడపు రంగులో ఉంటుంది. ఆ కాడను వేళ్ల మధ్య నలిపితే పసుపు వన్నె అంటుకుంటుంది. కాడలను ఎండబెట్టి, నీళ్లలో మరిగించి పట్టుబట్టలకు రంగు వేసే పని ఒకప్పుడు ఉండేది. ఎండకు త్వరగా వెలిసిపోయే రంగు కావడంతో అది రసాయనిక రంగుల ముందు నిలవలేకపోయింది.

ఈ పూలు సందెవేళ విచ్చుకొని తెల్లవారేసరికి వాటంతట అవే రాలిపోతాయి. నేలరాలిన పువ్వు పూజకు పనికిరాదన్న నియమానికి పారిజాతం మినహాయింపు కావడం ఆచారం ప్రకృతిని ఎంత శ్రద్ధగా గమనించిందో తెలుపుతుంది: చెట్టు తానై విడిచిన తరువాత గానీ ఆ పువ్వు చేతికి రాదు కనుక, దాన్ని కోయాలనే నియమమే అర్థం లేనిదవుతుంది. అందుకే చెట్టు మొదట్లో రాత్రివేళ శుభ్రమైన గుడ్డ పరిచి, ఉదయం ఆ గుడ్డ మీది పూలను ఏరుకొనే అలవాటు ఏర్పడింది. శరత్తులో ప్రధానంగా వచ్చే పూత కార్తీకపు పూజలకు అందివస్తుంది.

పారిజాతం ఆ ఏడాది వేసిన కొత్త చిగుళ్ల చివరన, ఆకుల మొదళ్లలోనూ పూస్తుంది. కొత్త రెమ్మ ఎంత ఎక్కువైతే పూత అంత ఎక్కువ. కత్తిరించకుండా వదిలేసిన చెట్టు నాలుగైదేళ్లలో కింది భాగమంతా బోసిపోయి, పూత పైకొనలకే పరిమితమై, పలచగా రాలుతుంది. కాబట్టి పూత ముగిసి ఆకు రాలే వేళ, వసంతపు చిగురు పుట్టకముందే కొమ్మలను మూడోవంతు దాకా ధైర్యంగా కొట్టివేయాలి. ఈ చెట్టు విషయంలో కత్తికి జంకేవారే నష్టపోతారు. అయితే అదే పని వానకాలం మధ్యలో చేస్తే అప్పటికే మొగ్గకు సిద్ధమైన రెమ్మలు పోయి శరత్తు పూత దెబ్బతింటుంది. తొలకరి నుంచి పూత ముగిసేదాకా వేళ్ల దగ్గర తేమ ఉండాలి. వేర్లు నిలదొక్కుకున్న చెట్టు వేసవి ఎండలకు ఆకు వాల్చినా తట్టుకుంటుంది. సగం పూట నీడ పడినా దానికి ఇబ్బంది లేదు. నాణెంలా పలచగా ఉండే కాయ ఎండి రెండుగా విడిపోతుంది, ఒక్కో చెక్కలో ఒక్కో గింజ ఉంటుంది. దాన్ని తాజాగా నాటితే మొలక సులువుగా వస్తుంది.

దేవగన్నేరు ఇందుకు దాదాపు అన్ని విధాలా భిన్నమైనది. దాని పుట్టుక మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ ద్వీపాలు. కాబట్టి మన గుళ్లలో ఎంత పాతదిగా కనిపించినా, కొలంబస్ ప్రయాణాల తరువాతే అది ఆసియాకు చేరింది. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లూమియే పేరు మీద ఈ ప్రజాతికి ప్లుమేరియా అన్న నామం వచ్చింది. ఈ ప్రజాతిలోని జాతుల్లో మొనదేలిన ఆకులతో, చలికాలంలో పూర్తిగా మోడువారేది రూబ్రా. గుండ్రని ఆకుకొసతో, దాదాపు ఏడాది పొడవునా పచ్చగా ఉండేది ఆబ్టూసా. కొమ్మను తుంచితే కారే పాలు చర్మానికీ కంటికీ మంట పుట్టిస్తాయి గనుక కత్తిరించేవారు జాగ్రత్త పడాలి. రాత్రివేళ వాసన హెచ్చుతుంది గానీ పువ్వులో మకరందం ఉండదు. తేనె ఆశతో పువ్వు నుంచి పువ్వుకు తిరిగే పురుగులు ఏ ప్రతిఫలమూ లేకుండానే పరాగాన్ని మోస్తాయి.

దేవగన్నేరు కొమ్మ చివరన పూగుత్తి పుట్టిందంటే ఆ కొమ్మ పొడవు పెరగడం అక్కడితో ఆగుతుంది. పూగుత్తి కింది నుంచి రెండు మూడు కొత్త కొమ్మలు చీలి, మళ్లీ వాటి చివర్లే పూస్తాయి. ఒక కొమ్మ వెంట కిందికి చూసుకుంటూ వస్తే ప్రతి చీలికా ఒకప్పటి పూగుత్తి చోటే. అందుచేత ఆకారం కోసం కొనలన్నీ సమంగా కత్తిరించడమంటే ఆ ఏటి పూతను చేజేతులా తీసివేయడమే. విరిగినది, కుళ్లినది, అడ్డుగా పెరిగినది మాత్రమే చలికాలం చివరన తీయాలి. తీసిన కొమ్మను పారవేయనక్కరలేదు: అడుగు, అడుగున్నర ముక్కను నీడలో వారం, పది రోజులు ఉంచి, కోసిన చోట పాలు ఎండి గట్టిపడ్డాక ఇసుక కలిపిన మట్టిలో నాటితే వేళ్లు పోస్తుంది. పచ్చికోతను వెంటనే తడిమట్టిలో గుచ్చితే అది కుళ్లిపోవడమే ఎక్కువ. విత్తనపు మొక్క తల్లిచెట్టు రంగునే పూస్తుందన్న భరోసా లేదు గనుక నచ్చిన రంగు కావాలనుకునేవారు కొమ్మనే నాటుతారు.

కండగల ఆ కొమ్మల్లో దేవగన్నేరు నీటిని దాచుకుంటుంది. మోడుగా ఉన్న నెలల్లో దానికి నీరు దాదాపు అక్కరలేదు. జాలిపడి రోజూ పోస్తే వేరు, ఆపైన కాండం మెత్తబడి కుళ్లుతాయి. తెలంగాణ ఎర్రచెల్కల్లో సులువుగా పెరిగే ఈ చెట్టును నల్లరేగడిలో నాటదలిస్తే నేలను అడుగు ఎత్తున దిబ్బగా పోసి, ఇసుక కలిపి, దాని మీద నాటడం మంచిది. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకులు ఏపుగా వస్తాయే గాని పూత తగ్గుతుంది. వానకాలంలో ఆకు అడుగున నారింజ రంగు పొడి పొక్కులు కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులను ఏరి దూరంగా కాల్చివేయాలి, నీరు ఆకుల మీద కాక మొదట్లోనే పోయాలి.

ఒక్క చెట్టుకే చోటున్న పెరడు తూర్పు వైపున్నదై మధ్యాహ్నం తరువాత ఇంటి నీడ పడేదైతే పారిజాతమే తగినది. పడమటి ఎండ పూర్తిగా తగిలే చోటు, నీటి ఎద్దడి ఉన్న ఇల్లు, మేడమీది పెద్ద తొట్టె దేవగన్నేరుకు అనుకూలం. రెంటికీ చోటుంటే పది, పన్నెండు అడుగుల ఎడంతో నాటడం మేలు: వేసవి నుంచి వానకాలం దాకా దేవగన్నేరు, ఆపైన కార్తీకం దాకా పారిజాతం పూస్తాయి. నీటి కాలువను మాత్రం రెంటికీ ఒకటిగా తీయకూడదు.