సుత్తి దెబ్బ తెలిసిన చేతులు

డొంకరాయి డ్యాం గట్టు మీద నిలబడి తెరచాపల గురించి మాట్లాడితే నవ్వేవాళ్ళుంటారు. ఇక్కడ కనిపించేవి దోనెలూ, చిన్న నాటు పడవలే. కానీ ఈ సీలేరు నీళ్ళే శబరిలో పడి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, పాపికొండలు దాటి కోరంగి మడ అడవుల దగ్గర సముద్రం చేరతాయి. ఆ చివర, తాళ్ళరేవు ఏటి గట్ల మీద, పాత చెక్క పడవని విప్పి మళ్ళీ సముద్రానికి పంపగల పనివాళ్ళున్నారు. గుడి గోపురం చెక్కిన శిల్పి వాళ్ళకన్నా గొప్పవాడంటే నేనొప్పుకోను. శిల్పంలో సందు మిగిలితే ఎవరూ మునిగిపోరు కదా!

పాత తెరచాప పడవ కొని, అందులోనే కాపురముంటూ తీరం వెంట తిరగాలని ముచ్చటపడేవాళ్ళు అక్కడక్కడా తగులుతున్నారు. పొయ్యి ఎక్కడ, పడక ఎక్కడ, సోలార్ పలక ఎక్కడ అన్నదే వాళ్ళ ధ్యాస. మంచి మేస్త్రీ అవేవీ చెవిన పెట్టడు. చిన్న సుత్తి తీసుకుని అణియం నుంచి అమరం దాకా ఒక్కో చెక్కనీ తట్టుకుంటూ పోతాడు. చేవ ఉన్నది ఖంగుమంటుంది. కుళ్ళినది బోలుగా, నీరసంగా పలుకుతుంది. అక్కడ సుద్దతో గీత పెడతాడు. ఆ గీతలు లెక్కపెట్టుకుంటే ఖర్చెంతో తెలిసిపోతుంది.

చెక్కని కుళ్ళబెట్టేది సముద్రం కాదు, వాన నీరు. ఉప్పునీరు ఊరగాయని కాచినట్టే కర్రనీ కాస్తుంది. పైతట్టు సందుల్లోంచి దిగిన వాన చినుకు వంపు కర్రల మొదట్లో నిలిచి, గాలాడక, లోలోపల పొడి చేస్తుంది. కాపురానికి బాగుచేసే పడవకి ముందు పైతట్టు, గాలి దారులు చూడాలి, పరుపులు తర్వాత. ఉప్పునీటిలో ఉండే శత్రువు వేరు, కర్ర తొలిచే పురుగు. దానికి మంచినీళ్ళు పడవు. వరదల్లో ఏరు తియ్యబడే కోరంగి లాంటి చోట్లకి ఆ లాభం ఉండనే ఉంది.

ఇక నార దట్టించే పని. చెక్కకీ చెక్కకీ మధ్య పాత నార పీకేసి, పేనిన దూదినో జనపనారనో మొండి ఉలితో లోపలికి కొడతారు. ఇదంతా చేతి లెక్క. వదులైతే నీరు కారుతుంది. బిగువెక్కితే మరీ ప్రమాదం: గట్టు మీద ఎండిన చెక్క నీళ్ళలో పడగానే ఉబ్బుతుంది, నారకి జరిగే చోటు లేక చెక్కే మేకుల్ని లాక్కుని బయటికొస్తుంది. తెలిసినవాడు ఎండిన పడవని ముందు తడిపి, కాస్త ఉబ్బనిచ్చి, సుత్తి చప్పుడు మారగానే చెయ్యి ఆపేస్తాడు. ఆ మార్పు పక్కనే నిలబడిన నా చెవికి అందనే లేదు! దానిమీద నూనెలో కాచిన గుగ్గిలం. ఆ గుగ్గిలం చెట్టు మన తూర్పు కనుమలదే. అందుకే ఈ విద్యలో సగం వాటా మాదని మన్యం తరఫున వాదిస్తాను.

చరిత్ర రెండు ముక్కల్లో. పెద్ద ఓడల్ని పోటు మీద గట్టులో తవ్విన గుంటలోకి లాగి, మూతి మట్టితో మూసి, నీరు తోడి, అడుగు బాగుచేసి, కట్ట తెంచి వదిలేవారు. 1802లో రోబక్ అనే ఇంగ్లీషాయన కోరంగిలో పెద్ద డాకే కట్టించాడంటారు. 1839 నవంబరు తుపాను ఊరిని ఊడ్చేసింది. పడవ కాపురమూ మనకి కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కాలవల మీద ధాన్యం పడవలు నడిపినవాళ్ళ వంటా నిద్రా అందులోనే. గాలుంటే తెరచాప, లేకపోతే గట్టు మీంచి తాడు.

ఇప్పుడేం జరుగుతోంది? కుళ్ళిన చెక్క మీద పుట్టీ మెత్తి, పైన ఫైబర్ గుడ్డ అంటించి, రంగేసి, ‘కొత్త పడవ’ అని అమ్ముతున్నారు. లోపల చిక్కిన తేమ ఎటూ పోలేక మిగిలిన చేవని కూడా తినేస్తుంది. పైకి నిగనిగ, వేలు పెట్టి నొక్కితే పిండి! ఇది బాగుచేయడం కాదు, మోసం. అందులో పిల్లల్ని పడుకోబెడతారా?

ఫైబర్ మీదే నాకు పగ అనుకోకండి. మన నౌకాదళపు తెరచాప పడవ తారిణి కూడా ఫైబర్ పడవే. 2017లో బయల్దేరి 254 రోజుల్లో అందులో భూమిని చుట్టొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. దారిలో చుక్కాని నడిపే ఏర్పాటు చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. అదే పాత పడవలో 2024 అక్టోబరులో దిల్నా, రూపా అనే మరో ఇద్దరు అధికారులు మళ్ళీ బయల్దేరి, 2025 మేలో చుట్టి వచ్చారు. నిజాయితీగా చూసుకుంటే పాత పడవ ఎంత దూరమైనా పోతుంది.

2025 మేలో నౌకాదళం తాడుతో కుట్టిన కౌండిన్య అనే తెరచాప ఓడని కార్వార్‌లో చేర్చుకుంది. కుట్టినవాళ్ళు కేరళ పనివాళ్ళు, వాళ్ళకి దండం. మరి ఈ తీరాన మసూలా పడవలు కుట్టిన చేతుల మాటేమిటి? శాతవాహనులు నాణెం మీద రెండు కొయ్యల ఓడ ముద్రించుకున్న నేల ఇది. కాకినాడలో ఒక్క పడవ వడ్రంగం బడి పెట్టండి. తాళ్ళరేవు మేస్త్రీలని నెల జీతం మీద గురువులుగా కూర్చోబెట్టండి, వాళ్ళ పిల్లలు బాడిస వదిలి పట్నం బస్సెక్కక ముందే.