గోరా గారి పుస్తకం – మా స్కూలు ఎన్నిక

మా బరంపురం తెలుగువాళ్ళ ఇళ్ళకి చుట్టాలొస్తే ఒక మాట తప్పకుండా చెబుతాం. రాష్ట్రపతి వి.వి. గిరి గారు పుట్టింది మా ఊళ్ళోనే అని. కానీ ఇక్కడ బస్సెక్కితే గంటలోపు వచ్చే ఛత్రపురంలో 1902లో పుట్టిన ఇంకో తెలుగాయన గురించి మాత్రం ఈ ఏడాది దాకా నాకెవరూ చెప్పలేదు. ఆయన పేరు గోపరాజు రామచంద్రరావు. అందరూ గోరా అంటారు. దేవుడు లేడని చెప్పినందుకు కాకినాడ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు.

ఆయన రాసిన ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అనే చిన్న ఇంగ్లీషు పుస్తకం మా తాతయ్య బీరువాలో దొరికింది. 1951లో నవజీవన్ వాళ్ళు వేసిన పుస్తకం అది. మాది తెలుగు మీడియం కదా, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడానికి పన్నెండు రోజులు పట్టింది. అంత కష్టపడి చదవడానికి ఒక కారణం ఉంది.

పోయినేడాది మా స్కూలు లీడరు ఎన్నికలో నా స్నేహితురాలు నిలబడింది. చిన్న తరగతుల పిల్లలకి సాయంత్రం కూర్చుని లెక్కలు చెప్పేది తనే. కుళాయి పాడైతే ఆఫీసు చుట్టూ తిరిగి బాగుచేయించిందీ తనే. కానీ ప్రార్థనలో చేతులు జోడించదు. నిశ్శబ్దంగా నిలబడుతుంది, అంతే. వాళ్ళింట్లో దేవుణ్ణి నమ్మరు. ఎన్నిక ముందురోజు “దేవుడికే దండం పెట్టనిది మనకేం చేస్తుంది?” అని ఒక మాట క్లాసులన్నీ తిరిగింది. ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ ఓట్లలో నాది కూడా ఒకటి. నేను తనకి వెయ్యలేదు. ఈ సంగతి తనకి తర్వాత చెప్పాను.

ఇక పుస్తకం సంగతి. గోరా గారు మొదట 1930లో గాంధీగారికి ఉత్తరం రాసి, దేవుడంటే మీ ఉద్దేశం ఏమిటని అడిగారు. 1944 చివర్లో సేవాగ్రామ్ ఆశ్రమానికి వెళ్ళి కలిశారు. గాంధీగారు నడుస్తూ ఉంటే పక్కన నడుస్తూ మాట్లాడిన మాటలే ఇందులో ఎక్కువ. ఒకరు రామనామం మీద బతికే మనిషి, ఇంకొకరు అది వద్దనే మనిషి. మన టీవీ చర్చల్లా అరుచుకుంటారేమో అనుకున్నాను. అలా లేదు. గాంధీగారు ముందు ఈయన ఊళ్ళో ఏం పని చేస్తున్నాడో అడుగుతారు. అన్ని కులాలవాళ్ళని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెడుతున్నాడని తెలిశాక ఆయన మీద గురి కుదురుతుంది. చివరికి నాది ఒప్పనీ నీది తప్పనీ నేను చెప్పలేను అనేదాకా వస్తారు. గోరా గారు తన పెద్దకూతురికి ‘అంటరానివాళ్ళు’ అనబడే కులం అబ్బాయితో పెళ్ళి చేస్తానంటే, ఆశ్రమంలో తానే జరిపిస్తానన్నారు. పెళ్ళి ప్రమాణంలో దేవుడి మాట బదులు సత్యం అనే మాట పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన్ని చంపేశారు. పెళ్ళి ఆ మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఈ భాగం నాకు చాలా నచ్చింది. గాంధీగారు ఇక్కడ మనిషిని పనిని బట్టే కొలిచారు.

నచ్చనిది కూడా ఉంది. బెంగాల్ కరువప్పుడు కలకత్తా వీధుల్లో, తినుబండారాల దుకాణాల ముందే జనం ఆకలితో చచ్చిపోవడం గోరా గారు చూశారు. వాళ్ళు ఆ తిండి ఎందుకు లాక్కోలేదు, కొట్టువాళ్ళు ఎందుకు పెట్టలేదు అంటే అంతా దైవేచ్ఛ అనే నమ్మకం వల్లే అంటారు. నాకిది ఒప్పుకోబుద్ధి కాలేదు. నడిచే ఓపికే లేనివాడు ఎలా లాక్కుంటాడు? పోలీసు భయం ఉండదా? నమ్మకం ఒక కారణం కావచ్చు, అదొక్కటే కారణం అంటే తొందరపాటు. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ప్రతిదానికీ దేవుడే కారణం అన్నట్టు, ఈయన ప్రతి కష్టానికీ నమ్మకమే కారణం అంటున్నాడేమో అనిపించింది.

ఇంకో లోటు ఉంది. గాంధీగారు గోరా గారిని నమ్మారు సరే, మామూలు ఓటరు నమ్ముతాడా? పుస్తకం 1951లో ఆగిపోయింది. నాకు కావలసిన కథ ఆ మరుసటి ఏడాదే మొదలైంది. 1952లో గోరా గారు పార్లమెంటుకి నిలబడ్డారు, 1967లో అసెంబ్లీకి నిలబడ్డారు. రాజకీయ పార్టీలే వద్దన్న మనిషి కాబట్టి ఏ పార్టీ తరపునా కాదు. రెండుసార్లూ ఓడిపోయారు. నాస్తికుడు కాబట్టే ఓడారని చెప్పలేం. పార్టీ అండ లేకుండా గెలవడం ఎవరికైనా కష్టమే. ఆయన కూతురు చెన్నుపాటి విద్య గారు కాంగ్రెసు తరపున విజయవాడ నుంచి 1980లో, 1989లో లోక్‌సభకి గెలిచారు. విజయవాడవాళ్ళు గోరా గారి కూతురని చూసి వేశారా, పార్టీ గుర్తు చూసి వేశారా? రెండూ కలిసే ఉంటాయి. తమిళనాడులో కరుణానిధి గారు నాస్తికుణ్ణని చెబుతూనే ఐదుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. అక్కడ అంతకుముందే పెరియార్ ఉద్యమం ఏళ్ళ తరబడి జనంలో తిరిగింది. ఒంటరిగా నిలబడ్డవాడికీ, వెనక ఉద్యమం ఉన్నవాడికీ అదే తేడా.

చట్టం మాత్రం తలుపు తెరిచే ఉంచింది. ఎన్నికైనవాళ్ళు దైవసాక్షిగానైనా, ఆత్మసాక్షిగానైనా ప్రమాణం చెయ్యొచ్చు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో కామత్ గారు మన పీఠిక దేవుడి పేరుతో మొదలవ్వాలని ప్రతిపాదించారు. విశ్వాసం విషయంలో ఎవర్నీ బలవంతపెట్టకూడదని థాను పిళ్ళై గారు వాదించారు. ఓటింగు పెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. ఆ 68 మందీ నాస్తికులు కారు కదా! నమ్మేవాళ్ళే నమ్మనివాళ్ళకి చోటు ఉంచారు.

ఇంగ్లండులో ఈ చోటు కోసం ఒక మనిషి ఆరేళ్ళు కొట్లాడాడు. చార్లెస్ బ్రాడ్లా 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచాడు. నాస్తికుడని సభలో కూర్చోనివ్వలేదు. మళ్ళీ మళ్ళీ ఉప ఎన్నిక పెడితే ఆ ఊరివాళ్ళు మళ్ళీ మళ్ళీ ఆయన్నే గెలిపించారు. 1886లో గాని సీటు దక్కలేదు. మన దేశం తరపున మాట్లాడేవాడు, 1889లో బొంబాయి కాంగ్రెసుకి కూడా వచ్చాడు. 1891లో ఆయన చనిపోతే అంత్యక్రియలకి వెళ్ళినవాళ్ళలో లండనులో చదువుకుంటున్న గాంధీగారు ఉన్నారు. అంటే గోరా గారి కంటే యాభై ఏళ్ళ ముందే గాంధీగారు ఒక నాస్తిక ప్రజాప్రతినిధికి గౌరవం ఇచ్చారన్నమాట. గోరా గారు రాసిన సంభాషణల పక్కన ఈ సంగతి కూడా పెట్టుకుని చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

మేం ఒడిశాలో తెలుగువాళ్ళం. అసెంబ్లీలో మన భాష తెలిసిన మనిషి ఒక్కడైనా ఉండాలని మా పెద్దవాళ్ళు అనడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మన బడులకి పుస్తకాలు రాకపోతే అడిగేవాడు కావాలి కదా. తక్కువమంది ఉన్నవాళ్ళ బాధ మాకు తెలుసు. అలాంటి మేమే, మాలో ఇంకా తక్కువమంది అయిన ఒక అమ్మాయి నిలబడితే చేతులు జోడిస్తుందా లేదా అని చూశాం. నాస్తికులకి సీట్లు కేటాయించమని నేను అనడం లేదు. నాస్తికుడని ఓటు వెయ్యమనీ అనను. నాస్తికుడని మానొద్దు అంటున్నాను. ఈ రెండూ ఒకటి కాదు.

తప్పులున్నా ఈ పుస్తకం తొమ్మిది, పది తరగతులవాళ్ళు చదవాలి. ఎవరైనా మంచి తెలుగులో రాసి మా లైబ్రరీలో పెడితే ఇంకా బాగుంటుంది. దేవుడు ఉన్నాడా లేడా అనేది ఈ పుస్తకం నాకు తేల్చలేదు. నేను ఇప్పటికీ పరీక్షకి ముందు గుడికి వెళ్తాను. కానీ ఓటు వేసేటప్పుడు ఏం చూడాలో తెలిసింది.

ఈ ఏడాది లీడరు ఎన్నిక మళ్ళీ వస్తోంది. నీ పేరు నేను ప్రతిపాదిస్తానని నా స్నేహితురాలితో చెప్పాను. “నువ్వా?” అని నవ్వింది. ఇంకా సరేననలేదు.