గోదావరీ తీర ప్రాచీన చరిత్ర: ఆధారాలు, నిర్ధారణలు

ఉత్తర తెలంగాణ ప్రాచీన చరిత్రపై వెలువడిన రచనలలో రెండు ప్రతిపాదనలు తరచుగా నిరూపిత సత్యాలుగా కనిపిస్తాయి. మొదటిది, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాల శాతవాహనుల తొలి రాజధాని, జన్మభూమి అన్నది. రెండవది, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని బాదన్‌కుర్తి బౌద్ధ వాఙ్మయంలోని బావరి నివాసస్థలం అన్నది. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఆ ఆధారాలు ఎంతవరకు సాక్ష్యమిస్తున్నాయన్నదే ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

గోదావరి, పెద్దవాగు సంగమం వద్ద ఉన్న కోటిలింగాలలో లభించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే స్థానిక పాలకుల పేర్లతోపాటు సిముక శాతవాహనుని పేరు కూడా వాటిపై ఉంది. అంతకు పూర్వం సిముకుడు పురాణాలలో శిశుక, సింధుక వంటి పాఠభేదాలతోను, నానేఘాట్‌లోని ప్రతిమ పైనున్న పేరుతోను మాత్రమే తెలిసినవాడు. అతడు నాణేలు ముద్రించిన రాజని ఈ నాణేల వల్ల స్పష్టమైంది. ఇది విలువైన ఫలితం.

రాజధాని అనడానికి మాత్రం మరికొన్ని మెట్లు ఎక్కాలి. నాణెం దొరికిన చోటు చలామణికి సాక్ష్యం. పాలనాపీఠానికి అదొక్కటే సాక్ష్యం కాజాలదు. స్థానిక రాజుల నాణేలు ఇక్కడే గుంపుగా లభించడం ఈ స్థలపు రాజకీయ ప్రాధాన్యాన్ని బలపరుస్తుంది. కాని వాటిలో అనేకం నేల ఉపరితలంపై దొరికినవి. స్తరసంబంధం లేనందున వాటి పౌర్వాపర్య నిర్ణయం లిపి పరిణామంపై, అనుమానంపై ఆధారపడుతోంది. శాతవాహనుల మొత్తం పాలనాకాలం విషయంలో పురాణాలలోనే ఏకాభిప్రాయం లేదు. ఒక సంప్రదాయం 300 ఏళ్లంటే, మరొకటి 460 ఏళ్లంటుంది. మ్యాకదోని శాసనంలోని ‘సాతవాహనిహారం’ బళ్లారి ప్రాంతాన్ని సూచిస్తున్నది. కనుక ‘తొలిదశలో ప్రధాన కేంద్రం’ అనడం సమంజసం. ‘జన్మభూమి’ అనడం ఊహ.

బాదన్‌కుర్తి విషయంలో దూరం మరింత ఎక్కువ. సుత్తనిపాతంలోని పారాయణవర్గం బావరి అస్సక దేశంలో గోదావరి తీరాన నివసించాడని మాత్రమే చెబుతుంది. నది రెండు పాయలుగా చీలి ఏర్పడిన ద్వీపాన్ని గురించిన వివరణ శతాబ్దాల తరువాతి అట్ఠకథలోనిది. ఆ ద్వీపాన్ని నేటి బాదన్‌కుర్తితో గుర్తించడం భౌగోళిక సామ్యంపై ఆధారపడిన ఆధునిక ప్రతిపాదన. అది అసంభవం కాదు, నిరూపితమూ కాదు. బావరి కాలానికి చెందిన నిక్షిప్త అవశేషాలు అక్కడ బయటపడినప్పుడే దానికి బలం చేకూరుతుంది.

తవ్వకాల సాక్ష్యం చేసే మేలుకు పెద్దబొంకూరు, ధూళికట్ట నిదర్శనాలు. పెద్దబొంకూరులోని ఇటుక బావులు, నాణేల రాశులు, ధూళికట్టలోని మట్టికోట, బౌద్ధ స్తూపం జననివాసాన్ని, వృత్తులను, మతాన్ని కలిపి చూసే అవకాశం కల్పించాయి. కోటిలింగాలలోనూ 1979-83 మధ్య తవ్వకాలు జరిగాయి. అయితే ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటి ప్రభావం ఈ స్థలంపై పడిన తరువాత కొత్త తవ్వకాలకు అవకాశం సన్నగిల్లింది. ఇక మిగిలినవి నాటి తవ్వకాల నమోదులు, భద్రపరచిన నాణేలు, వాటి లభ్యస్థాన వివరాలు. పరిశోధకులు ఒకరి నిర్ధారణను మరొకరు ఉదహరించడం కంటె ఈ నమోదులను తిరిగి పరిశీలించడం అవసరం. లభించిన వస్తువు, దాని నుండి చేసిన అనుమానం, ఆపై నిలిపిన ప్రతిపాదన అనే మూడింటినీ సిద్ధాంత గ్రంథంలో వేరువేరుగా చూపినప్పుడే, రేపు కొత్త నాణెమొకటి దొరికితే ఏది నిలుస్తుందో, ఏది సవరణకు లోనవుతుందో తేల్చడం సాధ్యమవుతుంది.