బంతి రాకముందే

మా డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్లకు సాకి కుమగై ఆట చూడమని చెబుతుంటాను. ఫుట్‌బాల్ తెలిసినా తెలియకపోయినా చూడమంటాను. జపాన్‌లోని సప్పొరోలో పుట్టిన అమ్మాయి. 2011 జూలై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో మహిళల ప్రపంచకప్ ఫైనల్. అమెరికా మీద చివరి పెనాల్టీ కొట్టి జపాన్‌కు కప్పు ఖాయం చేసినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు. ఆ ఏడాదే అదే ఊరి క్లబ్‌లో చేరింది. 2013లో ఫ్రాన్స్‌కు మారింది. అక్కడ లియాన్ క్లబ్‌లో ఎనిమిదేళ్లు ఆడింది. 2016 నుంచి 2020 దాకా వరసగా ఐదు చాంపియన్స్ లీగ్ కప్పులు. వాటిలో మొదటిదాని ఫైనల్‌నూ చివరి పెనాల్టీతో గెలిపించింది ఆమే. ఆ తర్వాత మ్యూనిక్, రోమ్, లండన్.

కుమగై ఆడుతుంటే నా చూపు ఆమె మెడ మీదే ఉంటుంది. బంతి ఇంకా ఎవరి కాళ్ల దగ్గరో ఉండగానే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తుంది. బంతి వచ్చి కాలికి తగిలేసరికి ఒళ్లు అప్పటికే పక్కకు తిరిగి ఉంటుంది. పాదం లోపలి అంచుతో ఆపడం, పాస్ వదలడం, ఈ రెండింటి మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఉండదు. జాతీయ జట్టులో ఆమెది ఎక్కువగా డిఫెండర్ స్థానం. లియాన్ ఆమెను తీసుకెళ్లి మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టింది. డిఫెండర్‌కు మైదానమంతా ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో నిలబడ్డవాళ్లకు సగం మైదానం వీపు వెనకే ఉంటుంది. ప్రపంచకప్ గెలిచిన మనిషి పరాయి దేశంలో, పరాయి భాషలో కేకలు వింటూ, కనిపించని ఆ సగాన్ని కొత్తగా నేర్చుకుంది. విదేశీ క్లబ్‌కు ఆడటమంటే నాకు తెలిసినంతలో ఇదే. జీతం, పేరు ఎలాగూ వస్తాయి. ఒక స్థానంలో ఆరితేరాక మళ్లీ మొదటినుంచి పని నేర్చుకునే అవకాశం మాత్రం సొంతూళ్లో అందరికీ దొరకదు.

మనకూ ఆ దారి పట్టిన అమ్మాయి ఉంది. సౌమ్య గుగులోత్, నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా పిల్ల. ముందు పరుగు పందేల్లో పాల్గొని, ఆ వేగంతోనే ఫుట్‌బాల్‌కు వచ్చింది. గోకులం కేరళకు ఆడి, 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. అది ఎలాంటి ఏడాదో గుర్తుందా? మన ఫెడరేషన్ మీద ఫిఫా నిషేధం పడి, ఆసియా క్లబ్ టోర్నీ కోసం తాష్కెంట్ దాకా వెళ్లిన గోకులం అమ్మాయిలు బంతి తాకకుండానే వెనక్కి వచ్చిన ఏడాది. సౌమ్య తిరిగొచ్చాక మళ్లీ గోకులంకి, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. ఈస్ట్ బెంగాల్ 2024-25 మహిళల లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యదే. ఇంత జరిగినా మన ఫిల్మ్‌నగర్‌లో ఆమె పేరు తెలిసినవాళ్లు ఎందరున్నారో నాకు అనుమానమే.

కుమగైకీ సౌమ్యకీ నైపుణ్యంలో తేడా ఉండొచ్చు. నన్ను బాధపెట్టేది వాళ్ల కాళ్ల కింద ఉన్న మెట్ల తేడా. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనం జపాన్‌ను 2-0తో ఓడించాం. అందులో ఒక గోల్ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. బంగారు పతకంతో తిరిగొచ్చాం. మరుసటి ఏడాదే రహీం సాబ్ కన్నుమూశారు. (ఆయన కథను సినిమాగా తీసింది బొంబాయి వాళ్లు. ఆయన తిరిగిన వీధులకు ఇంత దగ్గర్లో ఉండి మనం తీయలేదు.) జపాన్ వాళ్లు 1960లోనే జర్మన్ కోచ్ డెట్మార్ క్రామర్‌ను పిలిపించుకున్నారు. 1965లో జాతీయ లీగ్ పెట్టారు. 1968 ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్నారు. 1977లో యసుహికో ఒకుదెరా జర్మనీలోని కొలోన్ క్లబ్‌కు వెళ్లాడు. ఆడపిల్లల లీగ్ 1989లో మొదలైతే ఇరవై రెండేళ్లకు ప్రపంచకప్ వచ్చింది. అక్కడి పిల్లకు వారం వారం మ్యాచ్ ఉంటుంది కాబట్టి విదేశీ క్లబ్ చూసి పిలుస్తుంది. మన పిల్ల బతుకు మాత్రం కృష్ణానగర్‌లో ఫొటోలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే కొత్త ఆర్టిస్టు బతుకు. ఎవరో ఒకరు చూడాలి, ఆ రోజు బాగా చేయాలి, మళ్లీ పిలుపు రావాలి.

మన పరిశ్రమకు ఫుట్‌బాల్ అంటే పట్టదని అనలేను. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ గార్లు కలిసి కేరళ బ్లాస్టర్స్‌లో వాటా తీసుకున్నారు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుడితే రానా సహ యజమాని అయ్యాడు. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు షాట్లు ఆపి, అదే కేరళ మీద హైదరాబాద్‌ను గెలిపించాడు. ఆ ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ క్లబ్ చేతులు మారి 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి వెళ్లిపోయింది. కొన్న క్లబ్‌ను ఇంకొకరు కొనుక్కుపోగలరు. బస్తీలో వారం వారం ఆడే పిల్లల లీగ్‌ను ఎవరూ మోసుకుపోలేరు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల టర్ఫ్‌లు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కిటకిటలాడతాయి. ఉదయం పూట అంత గిరాకీ ఉండదు. టర్ఫ్ నడిపేవాళ్లు వారానికి రెండు ఉదయాలు సర్కారు బడి ఆడపిల్లలకు వదలండి. నిర్మాతలూ హీరోలూ, మీలో ఎవరైనా బూట్లు, బంతులు, ఒక మంచి కోచ్ జీతం భరించండి. ఒక ప్రీ రిలీజ్ ఈవెంట్‌కు అయ్యే ఖర్చులో కొంత చాలు. మొదటి మ్యాచ్‌కు సౌమ్యను పిలవండి.