మెల్లగా ఎక్కించే కొండ

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో తరచూ ఒక ఫొటో కనిపిస్తుంది. చలిగాలికి ముఖం కమిలిన ఓ కుర్రాడో అమ్మాయో, చేతుల్లో మువ్వన్నెల జెండా, వెనక చెక్క బోర్డు. ఆ బోర్డు ఉండేది టాంజానియాలో, కిలిమంజారో పర్వతం మీది ఉహురు శిఖరం దగ్గర, సముద్ర మట్టానికి 5,895 మీటర్ల ఎత్తున. గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ భువనగిరి రాతికొండ మీద తొలి పాఠాలు నేర్చుకుని, 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది. ఆమె దారి చూసి మన పల్లెల నుంచి ఎందరో పిల్లలు కొండల మీద ఆశ పెట్టుకున్నారు. ఆ పిల్లలంటే నాకు గౌరవం. అయితే ఆ ఫొటోలో పట్టనిది ఒకటుంది. మనిషిని అంత ఎత్తుకు క్షేమంగా చేర్చి, క్షేమంగా దించే పద్ధతి అది. ఆ కొండ కింద ఉండే చగ్గా జనం, వాళ్లతో పనిచేసే గైడ్లు, వంటవాళ్లు, పోర్టర్లు నాలుగైదు తరాలుగా దాన్ని తీర్చిదిద్దారు.

కిలిమంజారోకు తాళ్లు, మంచుగొడ్డళ్లు అక్కర్లేదు. మామూలు దారుల్లో కాళ్లతో నడిచే ఎక్కేయవచ్చు. ప్రమాదం కూడా ఈ సులువులోనే ఉంది. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. మచామే దారిలో నడక మొదలయ్యే గేటే సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మనకు తెలిసిన ఎత్తులన్నీ అయిపోయాకే అక్కడ మొదటి అడుగు పడుతుంది. అక్కణ్నుంచి వానల అడవి, ఆపైన పొదల మైదానం, తర్వాత రాయీ దుమ్మూ తప్ప ఏమీ లేని ఎడారి, చివరికి మంచు. లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా పార్కు అధికారులు ఎవర్నీ పైకి పంపరు. మరంగు దారిలో పడుకోవడానికి చెక్క గుడిసెలున్నాయి. మిగిలిన దారుల్లో ప్రతి రాత్రీ టెంటే.

ఈ క్యాంపుల పద్ధతికి ఒక చరిత్ర ఉంది. జర్మన్ భూగోళ శాస్త్రవేత్త హాన్స్ మేయర్ 1887లో పైదాకా వెళ్లి మంచుగోడ దగ్గర ఆగిపోయాడు. మరుసటి ఏడు తీరంలో తిరుగుబాటు చెలరేగి కొండ దాకా కూడా చేరలేకపోయాడు. 1889లో ఆస్ట్రియా పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్ట్‌షెలర్‌ను వెంటబెట్టుకుని వచ్చి, ఈసారి వేరే ఉపాయం పన్నాడు. వేర్వేరు ఎత్తుల్లో మజిలీలు కట్టి, కింది నుంచి పోర్టర్లు తిండి చేరవేసేలా ఏర్పాటు చేశాడు. ఒక ప్రయత్నం విఫలమైనా అడుగుదాకా దిగిపోనక్కర్లేదు, పైనే ఉండి మళ్లీ ప్రయత్నించవచ్చు. అక్టోబరు 6న ఇద్దరూ శిఖరం చేరారు. వాళ్లకు దారి చూపినవాడు మరంగుకు చెందిన యోహాని కిన్యాలా లావో అని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. గొప్ప మేయర్‌కు దక్కింది. కానీ ఆ మజిలీలకు తిండీ బరువూ మోసి, కొండ మీద రోజుల తరబడి నిలవడం సాధ్యం చేసినవాళ్లు అక్కడి జనం. నేటి ట్రెక్ నడుస్తున్నది కూడా ఆ పునాది మీదే.

దారిలో ఎవర్ని కదిపినా ముందు వినబడే మాట ‘పోలే పోలే’, మెల్లగా మెల్లగా. కొత్తవాళ్లు దీన్ని పలకరింపు అనుకుంటారు. అది ఆజ్ఞ. గైడ్ ముందు నడుస్తాడు, అతణ్ని దాటి ఎవరూ వెళ్లకూడదు. చదునైన దారిలో కూడా అతను పాదం పొడవుకు కాస్త మించిన అడుగే వేస్తాడు. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, వాక్యం మధ్యలో ఆయాసం వస్తే ఎక్కువైనట్టు. ఎక్కుడు పెరిగినప్పుడు వెనక కాలును ఒక్క క్షణం నిటారుగా బిగించి నిలుస్తాడు. ఆ క్షణం బరువు ఎముక మీద పడుతుంది, కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. గంటల తరబడి ఇలా నడిచినా గుండె దడ పెరగదు.

మెల్లదనం ఎందుకో తెలియాలంటే ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి. పైన గాలిలో ఆక్సిజన్ వాటా తగ్గదు, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఉహురు దగ్గర అది సముద్ర తీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగం. అందుకని శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. అలా తీస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది గమనించిన మెదడు ఊపిరి తగ్గించమంటుంది. ఒకవైపు ఆక్సిజన్ చాలడం లేదు, మరోవైపు ఊపిరికి పగ్గం. ఈ చిక్కును విప్పేవి మూత్రపిండాలు. అవి బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలేసి రక్తాన్ని దారికి తెస్తాయి. అయితే ఆ పనికి రోజులు పడతాయి. కాళ్ల బలం, కుర్రతనం, మారథాన్ పతకాలు దాన్ని తొందరపెట్టలేవు. డయామాక్స్ మాత్ర ఆ పనికి కొంత ఊతమిస్తుంది, అదీ డాక్టరును అడిగి వేసుకోవాల్సిందే. రాత్రి టెంట్లోంచి రెండుమూడు సార్లు మూత్రానికి లేవాల్సి వస్తోందని విసుక్కునేవాళ్లకు గైడ్లు మంచిదేనని చెప్పేది ఇందుకే.

ఈ పద్ధతిలోని తెలివంతా మచామే దారిలో మూడో రోజున కనిపిస్తుంది. ముందు రాత్రి షీరా క్యాంపులో, సుమారు 3,800 మీటర్ల దగ్గర పడుకుంటారు. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి 4,600 మీటర్ల ఎత్తున లావా టవర్ అనే పెద్ద రాతి స్తంభం కిందికి చేరతారు. చాలామందికి మొదటి తలనొప్పి అక్కడే వస్తుంది, అన్నం సహించదు. భోజనం కాగానే గైడ్ లేపుతాడు. మళ్లీ దిగి, దిగి, చెట్టంత ఎత్తు పెరిగే వింత సెనీసియో మొక్కల మధ్య నుంచి 3,950 మీటర్ల దగ్గరున్న బరాంకో క్యాంపుకు చేరతారు. రోజంతా ఎక్కి దిగినా పడక ఎత్తు పెరిగింది నూటయాభై మీటర్లే. ఎక్కిందంతా పోగొట్టుకున్నామని కొత్తవాళ్లు బాధపడతారు. నిజానికి ఆ ప్రయాణంలో అతి విలువైన రోజు అదే. పగలు ఎత్తును రుచి చూపించి, రాత్రి కిందికి తెచ్చి పడుకోబెడితే శరీరం సర్దుకుంటుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. కిలిమంజారో ట్రెక్కుల్లో చాలావాటికి ఆ లెక్క పూర్తిగా కుదరదు. ఆ లోటును కొంత పూడ్చేది ఇలా ఎక్కి దిగే దారే.

సాయంత్రం భోజనాల టెంట్లో గైడ్ వేలికి ఆక్సిమీటర్ పెట్టి అంకె రాసుకుంటాడు. అంకె కన్నా అతని కళ్లు పట్టేవి ఎక్కువ. కంచంలో ఎవరు తిండి వదిలేశారు, నిన్న నవ్విన మనిషి ఈరోజు ఎందుకు మాట్లాడటం లేదు, బూటు లేసు కట్టుకోవడానికి ఎవరు తడబడుతున్నారు. తలనొప్పి, వికారం చాలామందికి వస్తాయి, నిలకడగా ఉంటే అక్కడే ఆగి చూడవచ్చు. కానీ మడమకు వేలు తగిలేలా గీత మీద నడవమంటే తూలినా, కూర్చున్నచోట కూడా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో తడి వినిపించినా ఇక వాదన లేదు. మొదటిది మెదడులో నీరు చేరుతున్న లక్షణం, మిగిలినవి ఊపిరితిత్తుల్లో చేరుతున్న లక్షణాలు. మందు దిగడమే, అర్ధరాత్రయినా సరే. లక్షలు ఖర్చుపెట్టి వచ్చిన మనిషికి ఆ మాట మొహమాటం లేకుండా చెప్పగలిగినవాడే నా దృష్టిలో మంచి గైడ్.

ఇక పోర్టర్లు. ఒక్కో యాత్రికుడి వెంట ముగ్గురు నలుగురు ఉంటారు. టెంట్లు, గ్యాస్ సిలిండరు, గుడ్లు, కూరగాయలు, కుర్చీలు, మన సంచులు అన్నీ వాళ్ల మీదే. ఒక్కొక్కరి మోత 20 కిలోలు దాటకూడదని నియమం, గేటు దగ్గర కాటా వేసి పంపుతారు. వీపున సొంత సంచి, తలమీదో మెడమీదో మన మూట. మనం క్యాంపు వదిలాక వాళ్లు టెంట్లు మడిచి, మనల్ని దాటిపోయి, మనం చేరేలోగా పై క్యాంపులో టెంట్లు వేసి, తాగే నీళ్లు మరిగించి ఉంచుతారు. చేతులు ఆనించి పాకాల్సిన బరాంకో గోడను కూడా తలమీద మూటతోనే ఎక్కేస్తారు. ఆ గోడ తర్వాత వచ్చే కరంగా క్యాంపు దాటితే నీటి చుక్క లేదు. శిఖరానికి ముందు చివరి మజిలీ అయిన బరాఫు క్యాంపులో మనం తాగే టీ, సూపు, సీసాల్లో నింపుకునే నీళ్లు అన్నీ కరంగా లోయ నుంచి మనుషులు మోసుకొచ్చినవే. వాళ్లు తినేది మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి, చూడటానికి మన సంకటి ముద్దలా ఉంటుంది. సరైన బూట్లు, చలికోట్లు లేక, కడుపునిండా తిండి లేక పోర్టర్లు పడిన కష్టాలు చిన్నవి కావు. 2003లో మొదలైన కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ వాళ్లకు చలిబట్టలు ఉచితంగా అరువిస్తూ, ఏ కంపెనీ కూలీ, తిండి, టెంటు సరిగ్గా ఇస్తోందో పరిశీలిస్తూ వస్తోంది. ఎక్కే ముందు మనం చూడాల్సిన మొదటి విషయం ఇదే.

శిఖరం రాత్రి గురించి అందరూ రాస్తారు, నేను కొంచెమే చెబుతాను. బరాఫు నుంచి బయల్దేరేది అర్ధరాత్రి వేళ. ఆ చలికి వదులు కంకర గడ్డకట్టి కాలికి పట్టు దొరుకుతుంది. పైగా మధ్యాహ్నం మబ్బులు కమ్మేలోగా దిగిరావచ్చు. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకుంటారు, నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర తాగేందుకు మిగులుతుంది. బ్యాటరీలు ఒంటికి ఆనించి ఉంచుతారు. గైడ్లు పాడుతుంటారు, ఆ పాట లయకే అడుగులు పడతాయి. తెల్లవారే వేళకు స్టెల్లా పాయింట్ దగ్గర అగ్నిపర్వత బిలం అంచు, అక్కణ్నుంచి ముప్పావు గంటో గంటో నడిస్తే ఉహురు. పక్కన హిమానీనదాలు. 1912లో దాదాపు 12 చదరపు కిలోమీటర్లున్న మంచు ఇప్పుడు రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేదు.

అయిదు రోజుల్లో ఎక్కిస్తామనే చవక ప్యాకేజీలను చూస్తే నాకు కోపం వస్తుంది. అక్కడ తగ్గించేది డబ్బు ఒక్కటే కాదు, మూత్రపిండాలకు కావలసిన రోజులు, పోర్టరు కంచంలోని తిండి. మన పిల్లల్ని పంపే స్కూళ్లు, దాతలు ఏడెనిమిది రోజుల దారినే ఎంచుకోవాలి. గైడ్ వెనక్కి తిరగమంటే తిరిగి వచ్చిన పిల్లను ఓడిపోయిందనకూడదు. గైడ్లకు, పోర్టర్లకు బహుమతి డబ్బులు ఇచ్చే పద్ధతి కూడా ముందే తెలుసుకోవాలి. అందరి ఎదుటా పేరు పేరునా ఎవరికెంతో పైకి చదివి ఇస్తే మధ్యలో ఎవరి చేతికీ చిక్కదు. ఆ జాబితా చివరి రాత్రి మ్వేకా క్యాంపులోనే రాసి పెట్టుకోవాలి. తెల్లవారి గేటు దగ్గర సర్టిఫికెట్ల హడావిడిలో బరాఫుకు నీళ్లు మోసినవాడి పేరు అడిగి రాసుకునే తీరిక ఎవరికీ ఉండదు.